సున్నా మేకల ఊరు

ఆ రోజుల్లో మా చిత్తూరు జిల్లాలో జనానికి గవర్నమెంటు మీద కోపం కంటే అనుమానం ఎక్కువ. కోపమైతే రెండు రోజుల్లో చల్లారిపోతుంది, అనుమానం మాత్రం ఆవకాయలాగా ఏడాదంతా ఊరుతూనే ఉంటుంది. చేతిలో సంచీ, జేబులో పెన్నూ ఉన్న మనిషి వీధి మలుపు తిరిగితే చాలు, వాకిట్లో ఎండబోసిన చెనిక్కాయలు లోపలికి పోయేవి, రేడియో గొంతు తగ్గిపోయేది (లైసెన్సు కట్టి ఉన్నా సరే). మా నాయనకు బజారువీధిలో బెల్లం మండీ ఉండేది. అంగడికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు ఇప్పించే మనిషి, సంచీ మనిషి వస్తే మాత్రం "మీది యా డిపార్టుమెంటప్పా?" అని అడిగేవాడు. వచ్చిన జవాబును బట్టి కాఫీ తెప్పించడమో, వెనక వాకిలి గుండా మాయమైపోవడమో తేల్చుకునేవాడు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన నేను ఇరవయ్యొకటో ఏట, సరిగ్గా మూడు వారాల పాటు, గవర్నమెంటునయ్యాను.

అదెలా జరిగిందంటే, బి.ఏ. అయ్యాక ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని, టైపు లోయరు పాసై, రెండేళ్ళు పోస్టుమాను మొహం చూస్తూ కూర్చున్నాను. చివరికి ఒక కార్డు వచ్చింది. పశువుల లెక్కలు రాయడానికి తాత్కాలిక ఉద్యోగం, పుత్తూరు పక్క పల్లెలు. నాయన ఆ కార్డును రెండుసార్లు చదివి, వెనక్కి తిప్పి అటువైపు ఏమీ లేకపోవడం చూసి ఇంకా అనుమానపడ్డాడు. "గవర్నమెంటోడు మేకల్ని లెక్కబెడతా ఉండాడంటే యాడో కత్తి నూరతా ఉండాడని అర్థం. నువ్వు బోవద్దు" అన్నాడు. అమ్మ మాత్రం "టెంపరీ అయినా గవర్నమెంటు గవర్నమెంటే గదా. మేకల్ని బాగా లెక్కబెడితే రేపు పర్మనెంటు చేస్తారేమో" అంది. అమ్మ ఆశ నాయన అనుమానాన్ని గెలిచింది. పుత్తూరులో పిన్నమ్మ ఇల్లు ఉండనే ఉంది కాబట్టి నేను చీరలు సర్దుకున్నాను. (పిన్నమ్మది కట్లు కట్టే వైద్యుల వీధి. పొద్దున బస్టాపులో నిలబడితే చుట్టూ అందరికీ చెయ్యికో కాలికో కట్టు ఉండేది. ఏ కట్టూ లేనిది నేనొక్కదాన్నే కావడం వల్ల కండక్టరు కూడా నన్ను అదోలా చూసేవాడు.)

నాకిచ్చిన పల్లెల్లో మొదటిది పుత్తూరుకు నాలుగు మైళ్ళు. ఊరి పేరు చెప్పను, వాళ్ళ పిల్లలూ మనవలూ ఇంకా అక్కడే ఉన్నారు. ఇల్లిల్లూ చూపించడానికి ఊరి తలారిని నాకు తోడిచ్చారు. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండే ముసలాయన. నేను వచ్చేసరికి ఎదురొచ్చి, "నిన్ననే దండోరా ఏసినానమ్మా. 'రేపు గవర్నమెంటు మేకల లెక్కకొస్తా ఉండాది, అందురూ ఇండ్లకాడ ఉండాలహో' అని మూడు వీధుల్లోనూ కొట్టినాను" అని గర్వంగా చెప్పాడు. ఎంత బాధ్యత గల మనిషో అని సంతోషపడ్డాను. ఆ దండోరా ఫలితం ఏమిటో తెలుసుకోవడానికి నాకు అట్టే సేపు పట్టలేదు. మొదటి ఇంట్లో "మేకలెన్ని?" అని అడిగితే ఇంటాయన, ఏనుగులెన్ని అని అడిగినట్టు ఆశ్చర్యపోయాడు. "మేకలా? మా ఊర్లో మేకలు యాడుండాయి తల్లీ!" ఆయన వెనక పందిట్లో పద్నాలుగు గుంజలు వరసగా పాతి ఉన్నాయి, ప్రతి గుంజకూ ఒక తాడు వేలాడుతోంది. "మరి ఆ తాళ్ళు?" అన్నాను. "అవా? ఊరికే. అలవాటు" అన్నాడు.

రెండో ఇంట్లో ఎండన పడి వచ్చానని చెంబునిండా చిక్కటి మజ్జిగ ఇచ్చారు. తాగి, మూతి తుడుచుకుని, ఫారం తీసి "ఎనుములు?" అన్నాను. ఎనుములే కాదు, ఆవులు కూడా లేవట. "మరి ఈ మజ్జిగ?" అంటే ఇంటావిడ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా "సుట్టాలు పంపినారు" అంది. ఆ తర్వాత ఇల్లిల్లూ అంతే. మేకలు లేవు, గొర్రెలు లేవు, పాలిచ్చేది ఏదీ లేదు. నేలంతా పచ్చి పెంటికలు, గాలంతా మేకల వాసన, మధ్యలో ముక్కు మూసుకోవడానికి సిగ్గుపడుతూ నేను. ఊరి మునసబు ఒక్కడే, పదవికి మర్యాద కాదని కాబోలు, రెండు ఎనుముల్ని కొట్టంలోనే ఉంచాడు. అందులో ఒకటి తనది కాదని, వియ్యంకుడిదని, నాలుగు రోజులుండి పోవడానికి వచ్చిందని చెప్పాడు. ఒక కోడి మాత్రం ఎవరికీ దొరక్క గోడలెక్కి తిరుగుతుంటే రాసుకున్నాను.

ఊరి చివర ఒంటరి గుడిసెలో ఒక అవ్వ ఉండేది. ఆమెను నేను మనసులో గంపవ్వ అని పిలుచుకునేదాన్ని. ఎందుకంటే నేను వాకిట్లోకి అడుగుపెట్టినప్పుడు బోర్లించిన గంప ఒకటి తనంతట తాను నడుచుకుంటూ వాకిలి దాటుతోంది. నేను దాన్నే చూస్తుంటే అవ్వ కూడా కాసేపు దాన్నే చూసింది.

"గంప నడుస్తోందేమవ్వా?"

"గాలికి."

"గాలి ఎక్కడుంది?"

"మీ టౌనోళ్ళకు తెల్దులే. ఇది పల్లె గాలి."

ఆ మాట పూర్తి కాకముందే గంపలోంచి "మే" అని సన్నగా వినిపించింది. అవ్వ గట్టిగా దగ్గింది. మళ్ళీ "మే". మళ్ళీ దగ్గు. మూడోసారికి అవ్వకు దగ్గు బదులు నవ్వొచ్చేసింది. బోసినోటితో నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పుట్టి వారం కూడా కాలా. గుట్ట యెక్కలేదని ఈడ పెట్టుకున్న్యా. కూసో పాపా" అంది. కూర్చున్నాను. అప్పుడు నా మొహంలోకి చూసి, "నిజం జెప్పు. దేనికి ఈ లెక్క?" అని అడిగింది.

నాకు తెలియదు. ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫారం మీద 'ప్రణాళికల నిమిత్తం' అని అచ్చువేసి ఉంటే అదే చదివి వినిపించాను. "ఆయప్ప యెవురు?" అంది అవ్వ. ఎవరూ కాదని చెప్పాక నిట్టూర్చింది. "ఇంతకుముందు ఒకతూరి వొచ్చి బావులు లెక్కేసుకోని పోయినారు. నీళ్ళు అడుక్కి పోయుండాయి, లోతు తవ్విస్తారేమోనని మేమే దగ్గరుండి సూపిస్తిమి. పన్నేసినారు. ఇంగోతూరి మొగోళ్ళను లెక్కేసినారు. అందురూ వరసగా నిలబడి పేర్లు జెప్పిరి, తెలివితక్కవోళ్ళు. నాల్దినాలకు ఆపరేషన్లకని వ్యాను వొచ్చింది. మా ఊరి మొగోళ్ళంతా నెలదినాలు ఆ గుట్టమింద దాంకోన్యారు. ఇప్పుడు మేకలంటా ఉండావు. నువ్వైతే యేం జేస్తావు?" నేనైతే ఏం చేస్తానో నాకు తెలుసు, మా నాయన కూతుర్ని కదా. ఫారంలో అవ్వ పేరు ఎదుట సున్నా రాశాను.

సాయంత్రం బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే గుట్ట మీదినుంచి ఎర్రటి దుమ్ము లేచింది. మెడగంటలు మోగించుకుంటూ ఊరి జీవాలన్నీ, మేకలూ గొర్రెలూ ఎనుములూ, పొద్దంతా దాగుడుమూతలాడి అలసిపోయిన పిల్లల్లా దిగి వస్తున్నాయి. వెనక్కి వెళ్ళి లెక్కపెట్టవచ్చు. కానీ ఇంతలో బస్సు వచ్చింది, అది తప్పితే ఇంకోటి లేదు. ఎక్కి కూర్చున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది కూడా. పని తప్పించుకున్నానన్న సిగ్గు, ఊరు గెలిచిందన్న సంతోషం రెండూ కలిసి నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆ హాయి మర్నాడు పది గంటల దాకా ఉంది. మా పైఅధికారికి ఎవరి మీదా నమ్మకం లేదు. తన ఫ్లాస్కు మూతను ఎవరైనా మారుస్తారేమోనని దానికి దారం కట్టుకున్న మనిషి (అందుకే మాకందరికీ ఆయన ఫ్లాస్కు సార్). నా పుటలు తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ తిప్పాడు. "ముప్పై ఇండ్లు. మేకలు సున్నా. గొర్రెలు సున్నా. కోడి ఒకటి. ఏమ్మా, నువ్వసలు ఆ ఊరికి పోయినావా, మీ పిన్నమ్మ ఇంట్లో ఫ్యాను కింద కూసోని రాసినావా?" నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయాను సార్ అన్నాను. సాక్ష్యమేమిటన్నాడు. వెంటనే కాలి చెప్పు విప్పి, అడుగున అంటుకున్న పెంటికల్ని చూపించాను. ఆయన వంగి, శ్రద్ధగా పరీక్షించి, నిటారుగా కూర్చున్నాడు. "ఇవి మేకవే. అంటే ఊర్లో మేకలుండాయి. అంటే నువ్వు రాసింది అబద్ధం" అన్నాడు. నా చెప్పే నాకు ఎదురు సాక్ష్యం చెబుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. సోమవారం తాను స్వయంగా వస్తానని, అప్పటికీ సున్నాలే ఉంటే తప్పుడు లెక్కలు రాసినదానినని పైకి రాస్తానని, ఇక ఎక్స్ఛేంజి కార్డు జన్మలో రాదని చెప్పి పంపేశాడు. నాకు కార్డు కంటే నాయన మొహమే ఎక్కువ గుర్తొచ్చింది. "నేను జెప్పలా?" అని ఆయన అనకుండానే ఆ మాట వినిపించేసింది.

సోమవారం సార్ జీపులో, ఫ్లాస్కుతో సహా, ఊరికి వచ్చాం. ఊరివాళ్ళను ఏమని బతిమాలాలా అని దోవంతా మాటలు కూర్చుకుంటున్నాను. చూస్తే ఊరి మొదట్లోనే పదిమంది నిలబడి ఉన్నారు. "రాండమ్మా, రాండి. యాల ఇంత లేటు?" అంటున్నారు. మేము వస్తామని తలారికి ముందే కబురు అందిందట, పులిహోర చేశారట. ఊరంతా మేకల అరుపులే. నాకు అనుమానం వచ్చి తలారి తాతను పక్కకు పిలిచి అడిగితే సంగతి తెలిసింది. శనివారం నాడు ఆ ప్రాంతం లీడరొకాయన జీపెక్కి వచ్చాడట. ఓట్లు దగ్గరపడుతున్నాయి, ఆ ఏడు వానల్లేవు. జీపులోనే నిలబడి, "కరువులో ఒక్క జీవాన్ని కూడా చావనీను. మేకకింత గడ్డి, మేకకింత దాణా, లెక్క ప్రకారం ఇప్పిస్తా. ఎన్ని మేకలుంటే అంత" అని చేతులూపి పోయాడట. "ఆయప్ప చెప్పింది నమ్మినారా తాతా?" అన్నాను. "యాడ నమ్మేది! అయినా ఇస్తే? ఇచ్చేటప్పుడు లెక్కలో లేకపోతే?" అన్నాడు తలారి.

సార్ మునసబు తిన్నె మీద నీడన కూర్చుని, నన్ను ఇండ్ల మీదికి పంపాడు. మొన్న అలవాటుగా తాళ్ళు కట్టుకున్న ఇంట్లో ఇప్పుడు ముప్పై రెండు మేకలు. తర్వాతి ఇంట్లో ఇరవై తొమ్మిది. ఆ తర్వాత ముప్పై. నేను ముందు వాకిట్లోంచి బయటికి రాగానే వెనక దొడ్డి వైపు హుష్, హుష్ అని చప్పుడు, గోడ దూకే కాళ్ళు. నాలుగో ఇంట్లో ఒంటికొమ్ము మేక ఒకటి నా వైపు పాత పరిచయం ఉన్నట్టు చూసింది. "ఇది మొదటింట్లో ఉన్నది కదా?" అన్నాను. "అది యేరే. ఇది దాని చెల్లెలు" అన్నాడు ఇంటాయన. ఆరో ఇంట్లో మళ్ళీ కనబడితే నేనే "ఇదెవరు, అక్కా?" అన్నాను. "నీకెట్ల తెలిసిందమ్మా!" అని ఆయన చాలా సంతోషించాడు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోయాను. సున్నాలు రాస్తే ఉద్యోగం పోతుందని బెదిరించారే గానీ, ఎక్కువ రాస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

గంపవ్వ దగ్గరకు వచ్చేసరికి నాకు ఎక్కడలేని ధర్మచింతన పుట్టుకొచ్చింది. అవ్వకు మూడు మేకలు, గంపలోంచి విడుదలైన ఆ పిల్ల ఒకటి, వెరసి నాలుగు. వాటిని ఎవరికీ అరువివ్వలేదు, ఎవరివీ తెచ్చుకోలేదు. "అవ్వా, నాలుగు రాస్తాను" అన్నాను.

"పన్నెండు రాయి" అంది.

"నాలుగే కదా ఉన్నది!"

"నాలుగే. పన్నెండు మేకలకని గడ్డి బయల్దేరితే లీడరు కొంత తింటాడు, మీ ఆఫీసోళ్ళు కొంత తింటారు, మునసబు కొంత. మిగిలింది నా నాలుగింటికి సరిపోతాది. నాలుగని రాస్తే నాకాడికి తాడు గూడా రాదు. సదువుకున్నదానివి, నువ్వే లెక్కెయ్యి."

లెక్క సరిగ్గానే ఉంది. అయినా ఇరవయ్యొకటేళ్ళ పిల్లనే కదా, పొద్దుటినుంచీ అబద్ధాలు రాసి రాసి చెయ్యి నొప్పిపుట్టి ఉంది. ఈ ఊళ్ళో ఒక్క నిజమన్నా రాద్దామనుకున్నాను. "నిజం రాస్తే ఎప్పటికైనా మంచే జరుగుతుందవ్వా" అని పెద్ద ఆరిందాలా చెప్పాను. అంతటితో ఊరుకోకుండా, నీకు ముసలివాళ్ళ పింఛను వస్తోందా అని అడిగాను. అదేమిటో తెలియదంది. వెంటనే సంచీలోంచి తెల్లకాగితం తీసి, అక్కడే అర్జీ రాశాను. మొగుడు లేడని, బిడ్డలు లేరని, చూసే దిక్కు లేదని, మూడు పేరాలు, అందమైన దస్తూరి. "వొద్దు పాపా. వాళ్ళ పుస్తకంలో పేరెక్కితే మళ్ళ దిగేది కష్టం" అంది అవ్వ. నేను వినలేదు. చివరికి నా పట్టుదలకు జాలిపడి, "నీకోసరం ఏస్తా" అని వేలిముద్ర వేసింది. ఆ అర్జీని నేనే తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చాను. వస్తుంటే ఆ ఏటికల్లా మంచి పని చేసినదాన్ని నేనే అనిపించింది.

తిన్నె మీద సార్ కూడిక చేశాడు. ఆరువందల నలభై. మొన్నటి సున్నాను పక్కన పెట్టుకుని, ఈ ఆరువందల నలభైని చూసి, నన్ను చూసి, తలారిని చూశాడు. "ఇందులో ఏదో ఒకటి అబద్ధం" అన్నాడు. "రెండూ అబద్ధమే సార్" అన్నాడు తలారి వినయంగా. సార్ ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుని తాగాడు. తర్వాత ఇంటింటి పుటలు అలాగే ఉంచి, మొత్తం దగ్గర మాత్రం రెండూ కలిపి సగం చేసి, మూడువందల ఇరవై అని తన చేత్తోనే వేశాడు. "పుటలు కూడితే తేడా వస్తుంది కదా సార్?" అన్నాను. "కూడేవాళ్ళెవరమ్మా?" అన్నాడు. జీపెక్కబోతూ తలారి తాత చెవిలో అడిగాను, నిజంగా ఊళ్ళో ఎన్నున్నాయని. "మున్నూటా పద్దెనిమిది. పొద్దున గుట్టకాడ్నుంచి నేనే ఎంచి తోలిస్తి" అన్నాడు. అంటే దాచిందీ పెంచిందీ కలిసి, గవర్నమెంటు లెక్క రెండంటే రెండు మేకలే తప్పింది.

మూడు వారాలు ముగిశాయి, నేను చిత్తూరు చేరాను. ఓట్లు ముగిశాయి, లీడరు గెలిచాడు. గడ్డి రాలేదు. వాన వచ్చింది. కొండలూ గట్లూ పచ్చబడ్డాక, ఒక లారీ నిండా నానిపోయిన వరిగడ్డి వచ్చిందని పిన్నమ్మ రాసింది. మేకలు వాసన చూసి మొహం తిప్పుకున్నాయట, జనం ఇంటికప్పులకు వాడుకున్నారట.

ఆ తర్వాత నేను పుత్తూరు వెళ్ళినప్పుడు సంతలో గంపవ్వ కనబడింది. కొత్తిమీర కట్టలు ముందేసుకుని కూర్చుంది. నన్ను చూడగానే నవ్వి, రవికలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "ఇదొచ్చి నెల దాటింది. సదివేవాళ్ళు దొరకలా. మునసబు సదువుతానన్నాడు, ఆయప్పకియ్యలా" అంది. పింఛను కాగితం. నేను గర్వంగా విప్పాను. నాలుగే పంక్తులు. అర్జీదారు గురించి రికార్డులు పరిశీలించగా, పశువుల లెక్కల పుటలో ఆమె పేరిట నాలుగు మేకలు గలవని తేలినందున, జీవనాధారం కలదని భావించి, అర్జీ తిరస్కరించడమైనది.

నేను మళ్ళీ చదివాను. ఊరు మొత్తం మీద నేను రాసిన ఒకే ఒక నిజం అది. "యేం రాసుండారు పాపా?" అంది అవ్వ. ఇంకా విచారణలో ఉందని చెబుదామా అనుకున్నాను. నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను, చదువుతూ చదువుతూ ఏడ్చేశాను. సంతలో జనం చూస్తున్నారు. గంపవ్వ నా చేతిలోంచి కాగితం తీసుకుని మడతపెట్టింది. ఆ తర్వాత ఆ రోజు వాకిట్లో నవ్వినట్టే, ఒళ్ళంతా ఊగేటట్టు నవ్వింది.

"ఏడస్తావేమే పిచ్చిదానా! నువ్వు రాసింది యెవురో ఒకరు సదివినారు గదా!" అంది. అని, నేను వద్దంటున్నా వినకుండా రెండు కొత్తిమీర కట్టలు నా సంచిలో వేసింది.

ఆ తర్వాత నాకు పర్మనెంటు ఉద్యోగమే వచ్చింది. అమ్మ కోరిక తీరింది, నాయన అనుమానం తీరలేదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆఫీసుల్లో కూర్చుని ఎన్ని ఫారాలు నింపానో, ఎన్ని నివేదికలు మూడేసి కాపీలు టైపు కొట్టానో దేవుడికే తెలియాలి. ఇప్పుడు పెన్షను తీసుకుంటూ తీరిగ్గా కూర్చున్నాక, సంతలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. దగ్గరకు తీసుకుని ఓదార్చాలనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. అన్నేళ్ళ సర్వీసులో నేను రాసినవాటిలో, ఎవరైనా చదివారని నాకు గట్టిగా తెలిసింది ఆ నాలుగు మేకల కాగితం ఒక్కటే.